నారింజరంగు కోటు

వద్దన్నది నేనే. ఎవరూ నా నోటి దగ్గర కూడు లాక్కోలేదు. ఉద్యోగాలు చూసిపెట్టే కన్సల్టెన్సీ ఆవిడ ఎంతో మర్యాదగా ఫోన్ చేసి, పెద్ద పళ్ళ ఆసుపత్రి వాళ్ళు సొంతంగా ల్యాబ్ పెడుతున్నారు, మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళు కావాలంటున్నారు అని చెప్పింది. అంతకంటే మర్యాదగా "నేనిక్కడ హాయిగా ఉన్నానండీ" అన్నాను. అబద్ధం కాదు. కట్టుడు పళ్ళకి రంగు కుదర్చడం నా పని. పక్క పన్నుకీ దీనికీ తేడా తెలియకూడదు. అందుకు పగటి వెలుతురు కావాలి, తొందరపెట్టని యజమాని కావాలి. మా చిన్న ల్యాబ్‌లో రెండూ ఉన్నాయి.

అక్కడితో ఫోన్ పెట్టేసినా సరిపోయేది. "పోనీ, మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?" అంది. వద్దన్న గొప్ప ఇంకా దిగలేదు నాకు. వెనక బల్ల దగ్గర ప్లాస్టర్‌తో పళ్ళ అచ్చులు పోసే మా బావమరిది నంబరు ఇచ్చాను. వాణ్ణి ల్యాబ్‌లో అందరం హడావుడి అనేవాళ్ళం. వాడి వాగుడు విని వాళ్ళే దండం పెట్టి పంపేస్తారనుకున్నాను. తీసుకున్నారు.

చేరిన వారంలోనే ఫోటో పంపాడు. ఒంటి మీద నారింజరంగు కోటు, జేబు మీద కుట్టిన పేరు, వెనక మిలమిలలాడే మెషీన్లు. మా ఆవిడ మురిసిపోయింది.

"మా తమ్ముడికి విడిగా గది ఇచ్చారటండీ. అందరూ సార్ అంటున్నారట."

"అచ్చులు పోసేవాడికి గది దేనికి?"

"అచ్చులు ఇప్పుడు మెషీన్ చేస్తుందట. వీడు చూస్తే చాలట."

"అదైతే వాడికి బాగా వచ్చు. ఇక్కడా చూస్తూనే ఉండేవాడు."

మా ఆవిడ నవ్వలేదు. "మీకు కుళ్ళు," అంది.

అవును, కుళ్ళే. ఆ కుర్చీ నాకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. కానీ నేను వద్దన్న దాంట్లో వాడు సుఖంగా కూర్చోవడం మాత్రం నా కళ్ళు చూడలేకపోయాయి. మా ల్యాబ్ మెట్లు ఎంత ఇరుకో, ఫ్యాన్ ఎంత గోల చేస్తుందో అప్పుడే తెలిసింది. యజమాని "ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడు పాపం. "బాగానే ఉంది" అని ముక్తసరిగా అనేసి బల్ల వైపు తిరిగేవాణ్ణి.

ఒక పొద్దున పాటల టీచరు ఒకావిడ ముందు పన్నుకి రంగు చూపించుకోవడానికి వచ్చింది. ఆవిడ కుర్చీలో సర్దుకుంటుంటే నా ఫోన్ మోగింది. ఇంకో ఫోటో. ఈసారి ఆ కోట్లు వేసుకున్నవాళ్ళంతా వరసగా నిలబడ్డారు, మధ్యలో మావాడు. కింద "అంతా నీ చలవే బావా" అని రాశాడు. ఒళ్ళు మండిపోయింది. వాడి నవ్వులో ఎక్కడైనా దిగులు దొరుకుతుందేమోనని ఫోటో పెద్దది చేసి మరీ వెతికాను. దొరకలేదు.

మా పనిలో రంగు చూసే ముందు ముదురు రంగులేవీ చూడకూడదు. చూస్తే కాసేపు తెలుపు తెలుపులా కనపడదు. అందుకే బల్ల మీద బూడిదరంగు అట్ట ఒకటి ఉంటుంది. దాన్ని చూసి కళ్ళు కుదుటపడ్డాకే పన్ను వైపు చూడాలి. అట్ట అక్కడే ఉంది. నేను కళ్ళనిండా ఆ కోట్లు పెట్టుకుని తిన్నగా ఆవిడ నోట్లోకి చూశాను.

పన్ను పెట్టించుకున్నాక ఆవిడ తిరిగొచ్చింది. "మిగతావన్నీ నావేనండీ. ఇదొక్కటీ టీలో నానబెట్టినట్టుంది," అని నవ్వింది. నవ్వగానే చేత్తో నోరు మూసుకుంది. యజమాని ఆ పన్ను వంక చూసి "మళ్ళీ చేసిస్తామమ్మా" అన్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తప్పు కూడా బావమరిది నెత్తినే వేశాను. వాడు సార్ అనిపించుకుంటుంటే నేనిక్కడ పసుపుపచ్చ పళ్ళు చేస్తూ కూర్చోవాలా? సాయంత్రం కన్సల్టెన్సీకి ఫోన్ చేశాను. నా నంబరు చూస్తే ఆవిడ గుర్తుపడుతుందని సిగ్గేసి మా ఆవిడ ఫోన్ తీసుకున్నాను.

"ఆసుపత్రిలో ఖాళీలు అయిపోయాయి సార్. ఇంతకీ మీ పనేంటి?"

"పళ్ళకి రంగు కుదర్చడం."

"అయ్యో, భలే దొరికారు! ఇవాళే ఒకాయన అలాంటివాళ్ళు కావాలని అడిగారు. చిన్న ల్యాబే సార్. వంతెన దిగగానే సైకిళ్ళ షాపు ఉంటుంది చూడండి, దాని పైన."

రోజూ ఆ సైకిళ్ళ మధ్యలోంచి దూరే నేను పైకెక్కేది.

"ఇప్పుడున్న మనిషిని తీసేస్తున్నారా?"

"లేదు సార్. ఆయనే వెళ్ళిపోయేలా ఉన్నాడట. మొన్నటిదాకా ఎంతో ఇష్టంగా చేసేవాడు, ఈ మధ్య మనసిక్కడ లేదమ్మా అని ఒకటే బాధపడ్డారు. ఇంకొకర్ని చూసిపెట్టుకుంటే ఆయన మొహమాటపడకుండా వెళ్తాడట. అలాంటి యజమాని దొరకడు సార్. మీ పేరు చెప్పండి, ఇప్పుడే పంపిస్తాను."

ఆ ఉద్యోగం నాకు కావాలని అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

"సార్, పేరు?" అంది మళ్ళీ.