అత్తగారి సైకిలూ అల్లుడి పరుగూ

పళ్ళ డాక్టరుకి పరుగంటే పిచ్చి. తెల్లవారగానే బూట్లు బిగించి వీధిలో పడ్డాడంటే వెనక కుక్క తరుముతున్నట్టే. సోమవారమూ అంతే, మంగళవారమూ అంతే, వానొచ్చినా అంతే. నెమ్మదిగా పరిగెత్తడమన్నది చేతకానివాళ్ళు కనిపెట్టిన సాకని అతని గట్టి నమ్మకం.

తీరా చూస్తే వేగం పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చింది. పిక్కలు రాళ్ళలా బిగిసిపోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, పీతలా దిగేవాడు. ఒకరోజు క్లినిక్కులో ఓ పెద్దాయన పంటికి సిమెంటు పెట్టి, అది ఆరేదాకా అని కళ్ళు మూసుకుని, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కునుకు తీశాడు. పెద్దాయన తెరిచిన నోటితో "ఆ... ఆ..." అంటూ చేతులూపుతుంటే నర్సు పరిగెత్తుకొచ్చి డాక్టర్ని తట్టి లేపింది.

ఆ సంగతి సాయంత్రానికల్లా ఇంటికి చేరింది. భార్య ఒంటికాలి మీద లేచింది.

"మనిషివా, యంత్రానివా? పేరుమోసిన పరుగువాళ్ళే వారంలో ఏ రెండు రోజులో గట్టిగా పరిగెత్తి, మిగతా రోజులు తీరిగ్గా వెళ్తారట. పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలిగేంత నిదానంగా! ఇలాగే పోతే వచ్చే నెల పరుగు పందేనికి నిన్ను స్ట్రెచర్ మీద మోసుకెళ్ళాలి."

"కబుర్లు చెప్పడానికి నా పక్కన ఎవరున్నారు?"

"నేను లేనూ!" అంది వంటింట్లోంచి అత్తగారు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరై, కూతురి దగ్గర కొన్నాళ్ళుందామని వచ్చిన మనిషి. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ ఒకప్పుడు ఆవిడ చేతుల మీదుగా పోయినవే. అవన్నీ లోపల నిలవుండిపోయాయో ఏమో, ఇప్పుడా నోటికి మూత పడదు.

మర్నాడు అల్లుడు గేటు తీసేసరికి కూతురి పాత సైకిలెక్కి సిద్ధంగా ఉంది. షరతు ఒక్కటే. ఆవిడ అడిగినదానికి అతను పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. రొప్పితే బెల్లు.

"అల్లుడూ, చిన్నప్పుడు మీ ఇంట్లో పిల్లి ఉండేదా?"

"ఉం... డే..."

ట్రింగ్!

"ఏ రంగుది?"

"న... న..."

ట్రింగ్ ట్రింగ్!

ఆ గోలకి బేకరీ షట్టరెత్తుతున్నాయన సగంలో వదిలేసి తొంగిచూశాడు. డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. రోజూ జనం నోట్లో పరికరాలు పెట్టి "సెలవులకి ఎక్కడికెళ్ళారు?" అని అడిగేవాడికి, అడిగించుకోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసొచ్చింది. అంతలో కుక్కని నడిపిస్తున్న ఓ తాతగారు వాళ్ళని దాటుకుని వెళ్తూ, "పరవాలేదు బాబూ, మెల్లగా అలవాటవుతుంది" అన్నాడు జాలిగా.

డాక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. "అత్తయ్యా, ఇలాగైతే నేను పరువుతో బతకలేను."

"చూశావా! ఇప్పుడు వాక్యం ఎంత చక్కగా వచ్చిందో" అందావిడ.

ఆ వారంలోనే ఒకరోజు చెరువు గట్టు మీద వెళ్తుండగా ఆవిడ తన పెళ్ళి కథ ఎత్తుకుంది.

"రైలు టైము కనుక్కోవాలని ఒకబ్బాయి ఫోన్ చేశాడు. నేను పొరపాటున ఫైర్ స్టేషన్ కలిపేశాను. ఇతను 'ఎన్నింటికొస్తుందండీ?' అంటాడు. వాళ్ళేమో 'అడ్రసు చెప్పండి, ఇప్పుడే వచ్చేస్తాం' అంటారు. చెప్పాడు మహానుభావుడు!"

"చెప్పాడా?"

"పిన్‌కోడుతో సహా! పెట్టె పట్టుకుని గుమ్మంలోకొచ్చేసరికి ఎదురుగా ఫైరింజను. రైలు పోయింది. క్షమాపణ చెబుదామని నేను వెళ్తే, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ నిలబడున్నాడు. ఆయనే మీ మావయ్యగారు."

డాక్టరు గట్టు మీది కంచె పట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. "మరి నీళ్ళెందుకు కొట్టారు అత్తయ్యా? మంటే లేదుగా!"

"వచ్చాక ఊరికే ఎలా పోతారు?"

ఇంటి గేటు దగ్గరికొచ్చాక గానీ అతనికి తట్టలేదు, దారిపొడుగునా బెల్లు ఒక్కసారీ మోగలేదని.

తర్వాతి మంగళవారం ఆవిడ మంచం దిగలేదు. "ఇవాళ గట్టి పరుగు కదా. నీ రొప్పు నువ్వే రొప్పుకో" అని దుప్పటి ముసుగేసింది.

నీళ్ళ ట్యాంకుకి వెళ్ళే ఎత్తురోడ్డు మీద మొదటి అంగకే అతనికి తెలిసిపోయింది. కాళ్ళు కాళ్ళలా లేవు! నేల తాకీ తాకగానే ఎగిరొస్తున్నాయి. పైకెక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఊపిరి కొలిమితిత్తిలా ఆడుతోంది, గుండె చెవుల్లో డప్పు కొడుతోంది, అయినా నవ్వాగదు. ట్యాంకు దగ్గర చేతులు చాచి "ఓహో!" అని అరిచాడు. పావురాలన్నీ ఒక్కపెట్టున లేచాయి. ఇంటికొచ్చి, పళ్ళు తోముకుంటున్న భార్యని నురగతో సహా ఎత్తి గిరగిరా తిప్పాడు.

మర్నాడు అదే ఊపుతో పిల్లిలా బయటికి జారబోతే గేటుకడ్డంగా సైకిలు.

"ఎక్కడికి నాయనా?"

"ట్యాంకు దాకా... ఒక్కసారి..."

"ట్యాంకు కావాలా, మా సూపర్‌వైజరు లేచిపోయిన కథ కావాలా?"

డాక్టరు రెండు క్షణాలు తన్నుకులాడాడు. "ఎవరితో లేచిపోయాడు?" అన్నాడు.

పందెం నాడు తుపాకీ పేలగానే జనం ఒక్కసారిగా ఉరికారు. డాక్టరు అరికాళ్ళు దురదపెట్టాయి. ఆ దురద చంపుకోవడానికి పక్కన పరిగెత్తుతున్న పోస్ట్‌మాన్‌కి ఫైరింజను కథ మొదలుపెట్టాడు. ఏటా తనని ఓడించే మనిషి ఇతనే. పిన్‌కోడు దగ్గరికొచ్చేసరికి పోస్ట్‌మాన్‌కి నవ్వుతో డొక్కలో పట్టేసింది.

"ఆపండి సార్, చచ్చిపోతాను!"

సగం దారి దాటాక డాక్టరు కథా కబుర్లూ కట్టిపెట్టి కాళ్ళు వదిలేశాడు. ఒకర్ని దాటాడు, గుంపుని దాటాడు, పట్టుతప్పిన గాలిపటంలా దూసుకుపోయాడు. చివర కట్టిన తాడు దాటేసరికి తన జన్మలో ఎన్నడూ పరిగెత్తనంత వేగం! ఎదురుపడ్డవాళ్ళనల్లా కౌగిలించుకున్నాడు. మంచినీళ్ళిచ్చే అమ్మాయినీ, మైకు పట్టుకున్నాయననీ వదల్లేదు. డొక్క పట్టుకుని వచ్చిన పోస్ట్‌మాన్ కళ్ళెర్రజేశాడు. "ఇది పందెం కాదు సార్, మోసం! ముందు చెప్పండి, నీళ్ళు కొట్టారా లేదా?"

మర్నాడు తీరిక పరుగు. అత్తగారు సైకిలు తీయలేదు. కూతురి బూట్లు వేసుకుని, వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకుని నిలబడింది.

"వీధి మొదటి దీపస్తంభం దాకానే" అంది.

పరిగెత్తింది. చేతులు ఒకవైపు, కాళ్ళు ఒకవైపు. దీపస్తంభం వచ్చింది, పోయింది. ఆవిడ ఆగలేదు. రెండోది కూడా దాటాక రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, అల్లుడి చెయ్యి పట్టుకుని, బుగ్గలు కందిపోయి, ఏదో చెప్పబోయి చెప్పలేక నవ్వుతూనే ఉండిపోయింది. డాక్టరు పక్కన చతికిలబడ్డాడు. ఆవిడ ఊపిరి ఎప్పుడు కుదురుకుంటుందా అని చూస్తూ, తనూ ఎందుకో తెలియకుండానే నవ్వుతూ కూర్చున్నాడు.