తరులత కట్టిన రాగం

సంగీతం నేర్పే గోస్వామిగారి ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గురువు పేరుగానీ, రాగం కట్టిన పెద్దల పేరుగానీ నోట వచ్చిందంటే గౌరవానికి గుర్తుగా చెయ్యి వెళ్లి చెవిని తాకాల్సిందే. అన్నంలో చేపముక్క కలుపుతున్నా సరే, ఎడమచెయ్యి పైకి లేవాలి. చిన్నప్పుడు బాగ్‌బజార్‌లోని ఆ మేడమెట్లు ఎక్కిన తరులత సరిగమల కంటే ముందు నేర్చుకున్నది అదే.

ఇప్పుడామె ఒక బిడ్డ తల్లి. కమానుతో వాయించే ఎస్రాజ్ ఆమె వాయిద్యం. రేడియోలో ఆమె పేరు చదువుతుంటే వీధి వీధంతా వింటుంది. కానీ అవన్నీ ఎవరో కట్టిన రాగాలు. కూతురు ఝినుక్ పుట్టాక, పొద్దున్నే దాన్ని భుజాన వేసుకుని తిరుగుతూ తీసిన కూనిరాగం ఒకటి నెమ్మదిగా రూపం కట్టింది. పోయిన చలికాలం దాన్ని గురువుగారి ముందు వాయించింది.

ఆయన తల అడ్డంగా ఊపారు. "రాగం కాదు తల్లీ, ఇది బొంత. లలిత్ రాగం చెంగు ఒకటి, భైరవి అంచు ఒకటి. రెండు పాతచీరలు కలిపి కుట్టావు."

ఇంటికొచ్చి ఏడిస్తే అత్తగారు బిందువాసిని విసుక్కుంది. "బొంతైతే ఏమే? ఈ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డా బొంతలోనే పెరిగింది. మీ గురువుగారేమైనా పట్టులో పుట్టాడా?"

ఏడాదంతా ఆ రాగం మీదే సాధన చేసింది తరులత. మళ్లీ వింటానన్నారు గోస్వామిగారు, ఒక మాట గట్టిగా చెప్పి. "నువ్వొక్కదానివే వాయిస్తే అది నీ ముచ్చట. ఇంకొకరు అందులో అడుగుపెట్టి దారి తప్పకుండా తిరగగలిగితేనే రాగం. ఈసారీ కాదంటే ఇక నా దగ్గర దాని ఊసెత్తకు."

తీరా ఆ రోజు వచ్చేసరికి ఝినుక్‌కి దగ్గు. ఒళ్లు వెచ్చగా ఉందా, తన చేతులే చల్లగా ఉన్నాయా అని తరులత దారిపొడుగునా బిడ్డ నుదురు తడుముతూనే ఉంది.

"అలా తడిమి తడిమి నువ్వే జ్వరం తెప్పిస్తావు. ఇలా ఇయ్యి," అంటూ వెంట వచ్చిన బిందువాసిని బిడ్డను గురువుగారింటి లోపలిగదిలోకి తీసుకెళ్లింది.

ఆలాపన మొదలైంది. గోస్వామిగారు కళ్లు మూసుకున్నారు. తరులతకు మాత్రం ఒక చెవి తీగమీద, ఒక చెవి లోపలిగదిలో. ముందు దగ్గు వినిపించింది. తర్వాత ఏడుపు. ఊరుకుంటుందేమోనని ఓపిక పట్టింది. ఊరుకోలేదు. ఆ ఇంట్లో గురువు ముందు ఆలాపన మధ్యలో లేచినవాళ్లు లేరు. ఎస్రాజ్ కింద పెట్టి, నేలకు తల ఆనించి, లోపలికి వెళ్లిపోయింది.

బిడ్డకు పాలిస్తూ గోడకు ఆనుకుంది. ఇక అయిపోయిందనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు బయటి గదిలోంచి గొంతు లేచింది. ఆమె వదిలేసిన చోటే అందుకున్నారు గోస్వామిగారు. మెల్లగా ఒక అడుగు, మరో అడుగు. ఆమె ఎన్నడూ వెళ్లని వైపుకి తిరిగి, అక్కడ కాసేపు నిలబడి, గడపకు చేరినంత తేలిగ్గా వెనక్కి వచ్చారు. లలిత్ కాదు, భైరవి కాదు.

"నీదే కదే అది?" అంది బిందువాసిని, తమలపాకు నమలడం ఆపి.

"నాదే అత్తయ్యా. ఆ మలుపొక్కటే నాది కాదు."

"మరి ముసలాయన పుట్టింట్లో తిరిగినట్టు తిరుగుతున్నాడే."

ఝినుక్ నిద్రపోయింది. నుదురు చల్లగా ఉంది. తరులత గడపదాకా వచ్చేసరికి, ఆలస్యంగా వచ్చిన తబలా వాయించే శశధర్‌బాబు చెప్పులు విడుస్తూ అడుగుతున్నాడు.

"ఏం రాగమండీ ఇది? ఇంత వయసొచ్చింది, నేనెప్పుడూ వినలేదు."

గోస్వామిగారి చెయ్యి పైకి లేచింది. చెవిని తాకింది.

"తరులత కట్టింది," అన్నారు.

శశధర్‌బాబు రెండో చెప్పు విడవడం మరిచిపోయాడు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడాయన్ని. ఆ చెయ్యి పెద్దల పేర్లకు తప్ప లేవగా చూడలేదు.

"రా తల్లీ, కూర్చో. సగంలో వదిలేశావు," అన్నారు గురువుగారు. "నేను తప్పిపోతే దారి చూపించు."

తరులత ఎస్రాజ్‌ను భుజానికి ఆనించుకుంది. వెనక గడపలో బిందువాసిని నిద్రపోతున్న మనవరాలి చెవిలో గుసగుసలాడుతోంది. "చూశావుటే? మీ అమ్మ పేరుకి లేచిందే ఆ చెయ్యి."