రెండు కాళ్ళ పన్ను

ఇలా దగ్గరికి జరుగు, లేనా. నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు. మీ నాన్నకి నాయనమ్మ, అంటే మా అత్తగారు రాగ్నిల్డ్, ఒక్క పన్ను కోసం పడ్డ ఆరాటం నీకు చెప్పాలి.

మన మేత భూమికి ఉత్తరాన బూడిదరంగు మట్టిగుట్టలు ఉన్నాయి కదా, అక్కడ ఒకప్పుడు మూడు కొమ్ముల రాక్షసబల్లులు తిరిగేవట. పుస్తకాల్లో వాటికి పెద్ద పేరుంది, నాకు నోరు తిరగదు. ఆకులూ కొమ్మలూ నమిలి నమిలి పన్ను అరిగిపోతే ఉమ్మేసేవి, కిందనుంచి ఇంకోటి వచ్చేది. అందుకే మాకు దొరికేవన్నీ ఉమ్మిన పళ్ళే. నల్లగా, గోరంత, వేరు లేకుండా ఉంటాయి. అరగకుండా, చీలిన వేరుతో రెండు కాళ్ళమీద నిలబడ్డట్టుండే పన్ను మాత్రం అరుదు. అత్తగారు ముప్ఫయ్యేళ్ళు, వాన వెలిసిన ప్రతిసారీ దానికోసం వెతికారు. పిండి డబ్బా నిండా ఉమ్మిన పళ్ళు పోగయ్యాయి కానీ రెండు కాళ్ళది ఒక్కటీ దొరకలేదు.

ఆ ఏడు వసంతంలో మైల్స్ సిటీ డాక్టరు ఆవిడ కళ్ళు చూసి, మంచు పడేనాటికి చూపు పోతుందన్నాడు. ఇంటికొచ్చే దారిలో ఆవిడ ఒక్క మాటే అన్నారు. "అయితే నాకు ఈ ఒక్క వేసవే ఉందన్నమాట."

నాకా పళ్ళమీద మోజు లేదు. పెళ్ళయి పదేళ్ళయినా ఒక్కరోజూ ఆవిడతో గుట్టలెక్కలేదు. పాలు, రొట్టెలు, దూడలు, నా పని నాది. కానీ ఆవిడ తడుముకుంటూ కంచె దాటడం చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఏటికవతల ముసలి ఓటిస్ ప్రూయిట్ దగ్గర రెండు కాళ్ళ పన్ను ఉందని విని వెళ్ళాను.

"నీకెందుకమ్మా? పళ్ళ మాటెత్తితే ఆవలించేదానివి!" అన్నాడు.

"అత్తయ్య కోసం, బాబాయ్. ఆవిడకే దొరికినట్టు దారిలో పెడతాను."

"రాగ్నిల్డ్ వదిననే బోల్తా కొట్టిస్తావా? నీ ధైర్యానికి దండం!" అని, రెండు సీసాల అడవి చెర్రీ జామ్ పుచ్చుకుని ఇచ్చాడు.

మర్నాడు వాన వెలిసింది. నేను ముందే వెళ్ళి, ఆవిడ రోజూ కూర్చునే వాగు గట్టున పన్ను పెట్టి వచ్చి, "ఇవాళ నేనూ వస్తాను అత్తయ్యా" అన్నాను. మన మోంటానా మట్టి తడిస్తే జిగురే కదా, గట్టు చేరేసరికి ఒక్కో బూటూ కుండంత అయింది.

ఆవిడ చెయ్యి దానిమీద పడింది. కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశారు. వేళ్ళ మధ్య తిప్పారు.

"తోరా, ఓటిస్ బాగున్నాడా?"

నేను తల వంచుకుని బూటు మట్టి గీకడం మొదలుపెట్టాను.

"మన గుట్టల్లో పళ్ళు నల్లగా ఉంటాయే, పిచ్చిపిల్లా. తేనెరంగువి ఏటికవతలివి. ఆ మాత్రం రంగు నాకింకా తెలుస్తోంది. పైగా వాన కడిగిన పన్ను ఇలా బల్లమీద చెంచా పెట్టినట్టుంటుందా? వాడికేమిచ్చావ్?"

"రెండు సీసాల జామ్."

"రెండా! దొంగ సచ్చినోడు!" ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "నాకు మన నేలది కావాలే. నామీద అంత ప్రేమ ఉంటే నాతో వచ్చి నువ్వు చూడు, నేను తడుముతాను."

ఇక రోజూ వెళ్ళాం. చెంప నేలకానించి ఎండవైపు చూడమనేవారు. రాయి మెరవదు, పన్ను మెరుస్తుంది. చీమలు గులకరాళ్ళతో పాటు పంటిముక్కలూ పైకి మోసుకొస్తాయి కాబట్టి ప్రతి చీమలపుట్ట దగ్గరా ఆగమనేవారు. నేను చూపించినవి సగం రాళ్ళే. ఒకసారి నల్లటిదేదో ఇస్తే, "నాలిక్కి ఆనించు, ఎముకైతే అంటుకుంటుంది" అన్నారు. ఆనించాను. కుందేలు పెంటిక! ఆవిడకి ముందే తెలుసు. పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆగస్టు చివరికి నా మొహం కూడా ఆవిడకి మసకైపోయింది. ఆ రోజుల్లోనే, ఒక పొద్దున వాగు గట్టులో నల్లటి మెరుపు చూశాను.

"అత్తయ్యా, కదలకండి. మీ కుడి మోకాలికి జానెడు పక్కన."

"నీకు కనబడింది, నువ్వే తియ్యి."

"ముప్ఫయ్యేళ్ళు వెతికిందెవరు? మీరే తియ్యండి."

ఆవిడ వేళ్ళతో తడుముతూ మెల్లగా మట్టి గీశారు. ఒక కాలు బయటపడింది. పక్కనే రెండోది. పైకి తీస్తుంటే ఒక కాలు పుటుక్కున విరిగింది. నేను అయ్యో అని అరిచాను. ఆవిడ మాత్రం రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నిమురుతూ, "ఉన్నాయే తోరా, రెండూ ఉన్నాయి" అంటూ ఉండిపోయారు.

మీ తాత జిగురుతో అతికించాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మొదలైంది గొడవ.

"పన్ను తోరాకి దొరికింది" అన్నారు ఆవిడ.

"కాదు, అత్తయ్యకి" అన్నాను నేను.

"ఎవరికి దొరికితేనేం, బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి!" అన్నాడు మీ తాత.

మంచు పడింది, చూపు పోయింది. ఆ గొడవ మాత్రం ఆవిడ పోయేదాకా, పదకొండేళ్ళు, తెగలేదు.

ఇది గుర్తుపెట్టుకో, లేనా. నీ పిల్లలకీ చెప్పు. పన్ను ఎవరికి దొరికిందని వాళ్ళు అడుగుతారు. రాగ్నిల్డ్‌కే అని చెప్పు. కాదనడానికి ఇప్పుడావిడ లేరు కదా, ఈ ఒక్కసారికి నా మాట నెగ్గనీ.