భూతంగారి చెప్పులు

పాత తోలు చేతితొడుగులు రెండూ పట్టుకుని ఆమె టపటపలాడించగానే తెరమీది దేవకన్య గాల్లోకి లేచింది.

బొమ్మల సినిమాలకు చప్పుళ్ళు చేయడం ఆమె పని. స్టూడియోలో అందరికీ చప్పుళ్ళక్క. తాటిచెట్టంత మనిషి, గుమ్మం కనబడితే చాలు తల వంచేస్తుంది. పాటలు పాడేవాళ్ళు పాడి వెళ్ళిపోతారు. వాన, తలుపు, తుమ్ము, ముద్దు మాత్రం ఈమె వంతు.

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి ఇవాళ ఆఖరి రోజు. ఒక్క చప్పుడే మిగిలింది. చివరి పాట ఆగాక మరుగుజ్జు భూతం దేవకన్య దగ్గరికి తొమ్మిది అడుగులు నడుస్తాడు. వాడి ప్రేమంతా ఆ అడుగుల్లోనే వినపడాలి. సాయంత్రంలోగా కుదరకపోతే కంప్యూటర్లో ఉన్నవేవో అతికించేస్తానన్నాడు డైరెక్టర్. ఇన్నేళ్ళు చేసి ఆఖరికి అరువు అడుగులతో ఇంటికి పోవడమా! ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

బురదలో బూట్లతో నడిచింది.

"తినేయడానికి వస్తున్నట్టుందక్కా," అన్నాడు డైరెక్టర్.

కొబ్బరిచిప్పలతో కొట్టింది.

"ఇప్పుడు సామాను మోస్తున్నట్టుంది."

మధ్యాహ్నం రెండు దాటింది. బయట బెంచీ మీద ఆమె భర్త క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దర్జీ. నిలబడితే ఆమె మోచేతికి వస్తాడు. పెళ్ళిలో "ముద్దుకి నిచ్చెన కావాలేమోరా!" అని స్నేహితులు ఏడిపిస్తే, "ఆవిడే వంగుతుందిలే," అన్న మనిషి. తలుపు పైన ఎర్రదీపం వెలుగుతుంటే రికార్డింగ్ జరుగుతోందని, లోపలికి వెళ్ళకూడదని ముప్పై ఏళ్ళుగా తెలుసు. కానీ చల్లారిపోతున్న అన్నం ముందు ఆ దీపం ఏపాటిది? నెమ్మదిగా తలుపు తోశాడు.

టప్... సర్ర్... టప్. చప్పుడు కాకూడదని జాగ్రత్తపడేకొద్దీ చెప్పులు మరీ గోల చేశాయి. సగం దూరంలో భయపడి ఆగాడు. మళ్ళీ కదిలాడు. తెరమీద భూతం కూడా అప్పుడే దేవకన్యను చేరాడు.

"పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా ఏంటి నీ గొడవ?" అన్నాడు భార్యతో.

డైరెక్టర్ ఎగిరి గంతేశాడు. "ఇదేనక్కా! కానీ మైకుకి దూరమైపోయింది. మాట లేకుండా నడక ఒక్కటీ కావాలి. ఇంకోసారి నడవండి బావగారూ!"

బావగారు ఛాతీ విరిచి కవాతు చేశాడు. అందరూ పడీపడీ నవ్వారు.

"నువ్వు జరుగు," అని ఆమె అతని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. మడమలు నాలుగు వేళ్ళ మేర బయటికొచ్చాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది తన పని! ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న నడక, ఆమెకు కొట్టిన పిండి. టప్... సర్ర్... టప్. ఆగింది. నడిచింది. ఒక్క టేకులో అయిపోయింది.

అన్నం చల్లారిపోయినా ఇద్దరూ మెతుకు మిగల్చకుండా తిన్నారు.

సాయంత్రం ఆమె చేతితొడుగులు మడిచి అరలో పెట్టి, దీపం తనే ఆర్పింది.

"నా చెప్పులో?"

"ఉండనీ. భూతానికి రెండో భాగం కూడా ఉందట."

"మరి నేను?"

"కొత్తవి కొంటాలే, పద," అంటూ ఆమె వంగి అతని బుగ్గన ముద్దు పెట్టింది.

మైకు కింద ఇసుక పెట్టెలో ఆ పాత చెప్పులు రెండూ ఉన్నాయి, ఎడమదానికి సైకిల్ ట్యూబు అతుకుతో.