విమలమ్మ చీటీ

మొయినాబాద్ బడిలో ఇంగ్లీషు చెప్పే స్వామిదాసు అరవై తొమ్మిది జూన్‌లో ప్రత్యేక తెలంగాణ ఊరేగింపుకని పట్నం పోయాడు. అక్కడ కాల్పులు జరిగాయి. ఆయన తిరిగి రాలేదు. భార్య విమలమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో ఒక చీటీ వేసేది: "స్వామిదాసు క్షేమంగా ఇల్లు చేరాలి." గిద్యోను పాస్టరు దాన్ని పైకి చదివేవాడు. సంఘమంతా గొంతెత్తి ఆమేన్ అనేది. అట్లా పదకొండు ఆదివారాలు గడిచాయి.

ఆమెకు ఏడుపు రాలేదు. వండింది, తిన్నది, బట్టలుతికింది. దేనికీ రుచి లేదు, నొప్పీ లేదు. మధ్యాహ్నాలు మాత్రం మొగుడి నోటుబుక్కు తీసేది. ఇంగ్లీషు కవుల ప్రళయ కవిత్వం చదివి చదివి పిచ్చెక్కిన ఆ మనిషి, తనూ ఒకటి రాసుకున్నాడు. అందులో సూర్యుడు ఆరిపోతాడు, ఊళ్లు ఖాళీ అవుతాయి. మిగిలిన ఒక్క ఆడది, చచ్చిపడున్న మొగుడి పక్కన కూర్చుని, తెల్లారుతుందని రోజూ అతనికి చెబుతూ ఉంటుంది.

"ఆయన సచ్చిండని ఆమెకు ఎరుక లేదా?" అని అప్పట్లో అడిగింది విమలమ్మ.

"ఎరుకే. అయినా లేవది. గదే ప్రేమంటే," అన్నాడు స్వామిదాసు గొప్పగా.

"మంచిగనే ఉన్నది! మొగోడు హాయిగ పండుకుంటడు, ఆడది చలిల కూసోవాలె," అని కసిరింది. ఆయన నవ్వాడు. ఇప్పుడా నవ్వు తల్చుకుంటే ఒళ్లు మండేది. ఆమెలో మిగిలిన మంట అదొక్కటే.

ఆ శనివారం, స్వామిదాసుతో కలిసి పట్నం పోయిన చేవెళ్ల టీచరు శాంతయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఇంక నాతోని కాదు. అన్న ఆ దినమే పోయిండు. దవాఖానల నా కండ్లతోని చూసిన. అన్న పేరు చెప్తే పోలీసోళ్లు నన్ను గూడ లోపలేస్తరని నోరు మూసుకున్న. వాళ్లే బొందపెట్టిన్రు. పాస్టరు అయ్యగారికి అప్పుడే చెప్పిన. సంఘానికంత తెలుసు. నువ్వు నమ్ముతున్నవని అందరు ఆమేన్ అన్నరు."

విమలమ్మ చేతిలోని నోటుబుక్కు మూసి పక్కన పెట్టింది.

"నాకు సుత తెలుసు, శాంతయ్యా. బతికుంటే మూడో దినానికే ఉత్తరం రాసేటోడు. మీరంత గంత గట్టిగ ఆమేన్ అంటుంటే, మీ ఆశ ఎట్ల తీసేయాలె? గందుకే రాసిన."

శాంతయ్య చెప్పులు విడిచి గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆమె లోపలికి పోయి చాయ్ పెట్టింది.

మర్నాడు గిద్యోను పాస్టరు చీటీ విప్పి, కొంచెం తడబడి, చదివాడు: "చనిపోయిన స్వామిదాసు భార్య విమలమ్మకు ఆదరణ దొరకాలి."

పదకొండు వారాలు అబద్ధానికి అంత గట్టిగా పలికిన సంఘంలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. చివరికి విమలమ్మే, తన కోసం తానే, ఆమేన్ అంది.