ఫ్రాన్స్ కాలవలో వారం రోజులు

ఫ్రాన్సులో పడవ మీద ఒక వారం గడపాలన్న కోరిక మొదట పుట్టింది రేణుకే. అది కూడా డయాలసిస్ కుర్చీలో కూర్చుని ఉండగా.

ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో డయాలసిస్ సెంటరుకి ఆమె వారానికి మూడుసార్లు వెళుతుంది. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మిషన్‌లోకి పంపి, కడిగి మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆ పూటంతా చెయ్యి కదపకూడదు. కాలక్షేపానికి ఎదురుగా చిన్న టీవీ. ఒకరోజు అందులో ఒక పడవ కనిపించింది. ఒకప్పుడు ధాన్యం మోసిన పాత బార్జ్‌ని బాగుచేసి, రెండు పడకగదులు కట్టి, కెప్టెన్‌నీ వంటమనిషినీ వడ్డించే అమ్మాయినీ పెట్టి కాలవల్లో తిప్పుతున్నారు. మనిషి నడిచేంత వేగం. గట్టు మీద బారుగా చెట్లు, సైకిళ్ళ మీద జనం. పడవ లాకుల్లోకి వచ్చి ఆగింది. వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు నిండుతుంటే పడవ తనంతట తనే పైకి లేచింది.

రేణుకి లాకులు కొత్త కాదు. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసినన్నాళ్ళూ వాళ్ళ క్వార్టర్సు గోదావరి కాలవ లాకుల పక్కనే. ఆమె, చెల్లెలు గిరిజ బడి నుంచి వస్తూ సంచులు గట్టు మీద పడేసి, పడవ దాటేదాకా కదిలేవాళ్ళు కాదు. ఇంట్లో తిట్లు తినేవాళ్ళు.

ఆ సాయంత్రమే శాంటా క్లారాలో ఉన్న గిరిజకి ఫోన్ చేసింది.

“మనం నలుగురం వెళ్దామే. మీరిద్దరూ మేమిద్దరం. వంట కూడా వాళ్ళే చేసిపెడతారట.”

“నీ ఆపరేషన్ కానీ అక్కా, వెళ్దాం. నా కిడ్నీ నీలో పడ్డాక నన్ను నువ్వే లాక్కెళ్తావులే,” అంది గిరిజ.

అప్పటికి గిరిజ కిడ్నీ ఇస్తానని చెప్పి నెల దాటింది. రేణు అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చిన రోజులు ఉన్నాయి కానీ అడగలేదు. ఎన్నేళ్ళుగానో పట్టించుకోని బీపీ ఆమె కిడ్నీలు రెండింటినీ తినేసింది. భర్త జగదీష్ ఇద్దామంటే ఆయనకి షుగరు. పిల్లలు లేరు. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం లిస్టులో పేరు ఎక్కించారు, ఆ లిస్టు కదలడానికి ఏళ్ళు పడుతుందన్నారు. అలాంటి సమయంలో గిరిజే ఫోన్ చేసి, “నేనున్నాగా అక్కా, ఎందుకు బెంగ?” అంది. ఆ పూట రేణు బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

గిరిజ ఫీనిక్స్ వచ్చి టెస్టులన్నీ చేయించుకుంది. ఆ తర్వాత రెండు వారాలకి హాస్పిటల్ నుంచి కోఆర్డినేటర్ రేణుకి ఫోన్ చేసింది. మీ చెల్లెలు డోనర్‌గా సరిపోరు, క్షమించండి, వివరాలు మేము చెప్పకూడదు, అంది. వెంటనే గిరిజకి చేస్తే అవతల వెక్కిళ్ళు.

“నా కిడ్నీలోనే ఏదో చిన్న తేడా ఉందట అక్కా. నాకైతే ఏం కాదట. ఇంకొకరికి ఇవ్వడానికి మాత్రం పనికిరాదట.”

రేణు తన సంగతి మరిచిపోయింది. నాకొచ్చిన రోగమే దీనికీ వస్తుందా అని బెంగ పట్టుకుంది. వారం వారం ఫోన్ చేసి బీపీ చూపించుకున్నావా, ఉప్పు తగ్గించావా అని అడిగేది. చెల్లెలు చల్లగా ఉండాలని శనివారాలు ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. అసలే తినకూడనివి ఎక్కువ, తినగలిగినవి తక్కువ. “నీకు ఈ ఉపవాసాలేమిటి?” అని జగదీష్ విసుక్కున్నా వినలేదు.

పడవ ప్రయాణం మాట ఇక రేణు ఎత్తలేదు. ఎత్తింది గిరిజే. పడవ వారమంతా తిరిగినా మహా అయితే ముప్ఫై మైళ్ళు దాటదని, ఆ దగ్గరి ఊళ్ళో డయాలసిస్ సెంటరు ఉందని, పడవవాళ్ళే వ్యాన్‌లో తీసుకెళ్ళి తీసుకొస్తారని ఎవరెవరికో ఫోన్లు చేసి కనుక్కుంది. రేణు వాళ్ళ డాక్టరుతో తనే మాట్లాడి ఆ ఊరి సెంటరుకి కాగితాలు పంపించింది. జూన్ నెలకి బుక్ చేసేసింది.

“చెల్లెలంటే అట్లా ఉండాలి,” అని రేణు తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఫిబ్రవరిలో లాంగ్ వీకెండ్ వచ్చింది. గిరిజ, ఆమె భర్త శ్యామ్‌సుందర్ పిల్లల్ని స్నేహితుల ఇంట్లో వదిలి చాండ్లర్ వచ్చారు. శ్యామ్‌సుందర్ కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి. నవ్వొస్తే నవ్వుతాడు, గొప్ప చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకుంటాడు. శనివారం పొద్దున కాఫీలయ్యాక బార్జ్ కంపెనీ నుంచి ఫోన్ వస్తుందని ముందే అనుకున్నారు. నలుగురూ డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

ఫోన్ చేసిన అమ్మాయి మాట తేనెలా ఉంది. ఎవరు ఏం తింటారు, ఎవరికి ఏది పడదు, వైన్ తాగుతారా అని ఒక్కొక్కటే అడిగింది. శ్యామ్‌సుందర్ బీఫ్ వద్దన్నాడు, చీజ్ ఎంత పెట్టినా ఫర్వాలేదన్నాడు. అందరూ నవ్వారు. రేణు వంతు వచ్చినప్పుడు ఆమె తన పథ్యం చెప్పింది. ఉప్పు వద్దు, టమాటా వద్దు, అరటిపండు వద్దు, మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి. వంటమనిషికి చెబుతానంది ఆ అమ్మాయి.

“గట్టు వెంబడి సైక్లింగ్ ఉంటుంది. మిగతా ముగ్గురిలో ఎవరికైనా గుండె జబ్బులాంటివి, ఇంకేమైనా హెల్త్ ఇష్యూస్ ఉన్నాయా?”

“జగదీష్‌కి కొంచెం షుగర్, అంతే,” అన్నాడు శ్యామ్‌సుందర్ ఫోన్ మీదికి వంగి. తర్వాత భార్య భుజం మీద చెయ్యి వేసి హుషారుగా అన్నాడు. “మా ఆవిడకి మాత్రం నో వర్రీస్. లాస్ట్ ఇయరే పెద్ద హాస్పిటల్‌లో ఫుల్ వర్కప్ చేశారు. హార్ట్, లంగ్స్, కిడ్నీస్, ఎవ్రీథింగ్ పర్ఫెక్ట్. ఇరవై ఏళ్ళ అమ్మాయి కిడ్నీలన్నారు. షీ కెన్ బైక్ ఆల్ డే.”

“వండర్‌ఫుల్!” అంది ఆ అమ్మాయి.

శ్యామ్‌సుందర్ చెయ్యి గిరిజ భుజం మీదే ఉండిపోయింది. తను ఏమన్నాడో అతనికి అప్పుడే తెలిసినట్టుంది, మొహం కందగడ్డలా అయింది. గిరిజ చూపు కాఫీ కప్పులోంచి లేవలేదు. జగదీష్ ఏదో అనబోయాడు. రేణు టేబుల్ కింద ఆయన మోకాలు గట్టిగా పట్టుకుంది.

“హలో? ఉన్నారా?” అంది ఫోన్‌లో అమ్మాయి.

“ఉన్నాం,” అంది రేణు. “ఇంకేమైనా అడగాలా?”

ఇంకా చాలా అడిగింది. రేణే అన్నిటికీ జవాబు చెప్పింది.

హాస్పిటల్‌లో మొట్టమొదటి మీటింగ్‌లో నర్సు చెప్పిన మాట ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. డోనర్ ఏ క్షణంలోనైనా మనసు మార్చుకోవచ్చు, అలా మార్చుకుంటే ఆ సంగతి మేము బయటపెట్టం, సరిపోరని మాత్రమే పేషెంట్‌కి చెబుతాం అంది నర్సు. రేణు అప్పుడు తలూపింది కూడా. పాపం, ఎవరికి అవసరమొస్తుందో ఈ ఏర్పాటు అనుకుంది.

శ్యామ్‌సుందర్ పెరట్లోకి వెళ్ళి నిమ్మచెట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ట్రాఫిక్ గురించీ ఇళ్ళ రేట్ల గురించీ మాట్లాడుకున్నారు. జగదీష్ మాత్రం కంచంలోంచి తలెత్తలేదు. గదిలోకి రాగానే తలుపు వేసి, “ఇప్పుడే అడిగేస్తాను. ఇంతకాలం మనల్ని వెర్రివాళ్ళని చేశారు,” అన్నాడు.

“ఒక్క మాట అనొద్దు మీరు. అది నా చెల్లెలు,” అంది రేణు.

“అందుకే కదా!”

“అందుకే అంటున్నా.”

మర్నాడు పొద్దున రేణు వంటింట్లో బంగాళాదుంపలు కోస్తోంది. తను తినాలంటే, ఒంటికి పడని పొటాషియం పోయేలా వాటిని ఉడికించి నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఉడికించాలి. రుచంతా నీళ్ళతోపాటే పోతుంది. గిరిజ వచ్చి పక్కన నిలబడింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

“ఇటివ్వు, నేను కోస్తా.”

“అయిపోయాయిలే.”

గిరిజ వంటగట్టు పట్టుకుని, “భయమేసిందక్కా,” అంది.

రేణు కత్తి ఆపలేదు.

“టెస్టులన్నీ అయ్యాక సర్జన్ కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఎక్కడ కోస్తారు, ఎంతసేపు పడుతుంది, ఎక్కడో ఒకరికి ఏమైనా కావచ్చు అని. ఇంటికొచ్చి పిల్లల్ని చూశాను. శ్యామ్ ఏమీ అనలేదు, ఆయన తప్పేం లేదు. నాకే కాళ్ళాడలేదు. నాకు చేతకాదని హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పేశాను.”

“నాతో చెప్పొచ్చుగా.”

“ఏమని చెప్పను? నువ్వు ఏమీ అనవు. ఊరికే చూస్తావు. ఇప్పుడు చూస్తున్నావే, అట్లా.”

రేణు గిన్నె స్టవ్ మీద పెట్టింది. “నీకు రోగం ఉందని నేనెంత ఏడ్చానో తెలుసా నీకు? శనివారాలు ఉపవాసాలున్నాను.”

గిరిజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుస్తుంటే భుజాలు ఎగిరిపడుతున్నాయి. చిన్నప్పుడూ అంతే, శబ్దం లేకుండా ఏడ్చేది. ఇంకొక రోజైతే రేణు దగ్గరికి తీసుకునేది.

“ఇప్పుడిస్తా అక్కా,” అంది గిరిజ ఒక్కసారిగా. “రేపు సోమవారం సెలవు కదా, ఎల్లుండి ఫోన్ చేస్తా. మళ్ళీ టెస్టులు చేసుకోమంటా. నిజంగా ఇస్తా.”

ఆమె వంటగట్టు అంచుని వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. ఆ వేళ్ళనే చూస్తూ రేణు అంది.

“వద్దులే గిరిజా.”

వాళ్ళమ్మ ఎవరికి వడ్డిస్తున్నా ఒక్కసారి వద్దంటే ఊరుకునేది కాదు. మొదటిసారి మొహమాటానికి అంటారే, రెండోసారి అడగాలి, గరిటె చేతిలోనే ఉంచుకోవాలి అని ఇద్దరు కూతుళ్ళకీ నేర్పింది. గిరిజ ఇంటికి ఎవరొచ్చినా ఈనాటికీ అంతే, చాలు చాలంటున్నా కంచంలో వేసేస్తుంది. రేణు పొయ్యి దగ్గరే నిలబడింది. నీళ్ళు మరగడం మొదలుపెట్టాయి. మంట తగ్గించింది. మూత పెట్టింది. మళ్ళీ తీసింది. ఇంకేం పని లేకపోయినా వెనక్కి తిరగకుండా ఉండిపోయింది.

గిరిజ రెండోసారి అడగలేదు. వెనక నుంచి ఆమె ఊపిరి వదలడం రేణుకి వినిపించింది. బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి అది.

“దుంపలు ఉడికాయేమో చూడు,” అంది రేణు.

ఆ సాయంత్రమే వాళ్ళు వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో గిరిజ కౌగిలించుకుంటే రేణు ఎడమచెయ్యి జాగ్రత్తగా పక్కకి పెట్టుకుని, కుడిచేత్తో ఆమె వీపు తట్టింది. కారెక్కాక జగదీష్ అడిగాడు.

“ఏమంది?”

“ఇస్తానంది.”

ఆయన బ్రేక్ మీద కాలు వేసినంత పని చేశాడు. “మరి?”

“నేను వద్దన్నాను.”

“నీకేమైనా పిచ్చా రేణూ?”

“ఆ పిల్లని టేబుల్ మీద పడుకోబెట్టి కోయించి నేను బతికి ఏం చేసుకోనండీ? దాన్ని చూసినప్పుడల్లా అది నాకేసి ఎట్లా చూస్తుంది?” అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, ఆయనకి కాదన్నట్టుగా మెల్లగా, “ఇంకోసారి అడిగి ఉంటే సరేననేదాన్నేమో,” అంది.

జగదీష్ ఇంటికి వచ్చేదాకా రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత చాలాసార్లు ఆయన గిరిజకి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ పెట్టేయడం రేణు చూసింది. చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఏప్రిల్‌లో రేణు చెల్లెలికి ఫోన్ చేసి, నాకు అంత దూరం ఓపిక లేదు, మీరు వెళ్ళిరండి అని చెప్పింది. మేమూ మానేస్తాం అంది గిరిజ. శ్యామ్ లీవ్ కూడా పెట్టేశాడుగా, మానొద్దు అంది రేణు. రెండు వైపులా మర్యాదగా సాగిన ఆ మాటలకి చివర ఎవరు ముందు ఫోన్ పెట్టాలో తెలియక ఇద్దరూ కాసేపు అలాగే ఉన్నారు. ఆఖరికి పడవలో రేణు వాళ్ళ గదిలోకి శాంటా క్లారా నుంచే ఇంకొక జంట దొరికింది. వసంతలక్ష్మి అని, గిరిజతో పనిచేసే ఆవిడ, ఆమె భర్త.

శనివారం ఉపవాసాలు రేణు మానలేదు. ఎందుకు చేస్తున్నావని జగదీష్ కూడా ఇక అడగలేదు.

జూన్‌లో చాండ్లర్‌లో ఎండ నిప్పులు చెరుగుతోంది. డయాలసిస్ సెంటర్‌లో మాత్రం చలి. రక్తం బయట తిరిగి వస్తుంటే లోపల నుంచి వణుకు పుడుతుంది. ఆ బుధవారం రేణు దుప్పటి మెడదాకా లాక్కుని కూర్చుంది. లిస్టులో ఆమె పేరు ఇంకా కిందనే ఉందని కిందటి వారం డాక్టరు చెప్పాడు. గుండె కూడా కొంచెం పెద్దదైందన్నాడు. అది ఇంకా పెరిగితే లిస్టులోంచి పేరు తీసేయవచ్చని, తన తప్పేదో ఉన్నట్టు నేల చూస్తూ అన్నాడు.

ఒళ్ళో ఫోన్ మోగింది. గిరిజ. రేణు మోగనిచ్చి మోగనిచ్చి కుడిచేత్తో తీసింది.

“అక్కా, ఎట్లా ఉన్నావ్?”

“బానే ఉన్నా. మీరు?”

“బాగుందక్కా. ఇక్కడ సాయంత్రమైంది. శ్యామ్, వాళ్ళు సైకిళ్ళ మీద ఊళ్ళోకి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. పైన ఒక్కదాన్నే కూర్చున్నా.”

“చలిగా ఉందా?”

“కొంచెం.”

“స్వెటర్ వేసుకో.”

అవతల ఏదో పక్షి అరుస్తోంది. “అక్కా, నువ్వు ఉండుంటే...” అని మొదలుపెట్టింది గిరిజ.

“మిషన్ బీప్ కొడుతోంది గిరిజా, తర్వాత మాట్లాడతా,” అని రేణు ఫోన్ పెట్టేసింది.

మిషన్ ఏమీ బీప్ కొట్టలేదు. పక్క కుర్చీ దగ్గరున్న నర్సు మిషన్, బీప్ అన్న మాటలు విని తనని పిలిచిందేమోనని ఇటు వచ్చింది. అంకెలు చూసి, గొట్టాలు సరిచేసి, అంతా బాగానే ఉందంది.

“ఎవరు, ఫ్యామిలీయా?” అని అడిగింది ఫోన్ కేసి చూసి.

“మా సిస్టర్. ఫ్రాన్స్ వెళ్ళింది, వెకేషన్‌కి.”

“హౌ నైస్!”

“యా,” అంది రేణు. “ఇంకో దుప్పటి ఉంటే ఇస్తారా?”