లోలా చేతుల వాసన

పెళ్లయిన కొత్తలో జోవెలిన్‌కు కనిపించిన ప్రతిదాన్నీ బొమ్మ వేయాలనిపించేది. ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలిన రెండు టూత్‌బ్రష్‌లు, పొద్దున్నే ఆర్నెల్ కాగితం సంచిలో తెచ్చే వేడివేడి పాన్‌దెసాల్ రొట్టెలు, గడప దగ్గర అతని చెప్పుల మీద ముడుచుకుని పడుకునే పిల్లి, అన్నీ ముద్దొచ్చేవే. ఇలోయిలో నగరంలో కాలేజీ చదువయ్యాక పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఆర్నెల్‌ను చేసుకుని సముద్రం ఒడ్డునున్న ఈ పల్లెకు కాపురానికి వచ్చింది. ఆ సంబరంలోనే ఒక పుస్తకం బొమ్మలన్నీ పూర్తిచేసింది. అందులో పిల్లి ఉంది, చెప్పులున్నాయి, పెరట్లో అరటిచెట్లున్నాయి.

ఊరంతా లోలా, అంటే అవ్వ, అని పిలిచే ఆర్నెల్ నానమ్మ పసింగ్ ముఖమూ ఉంది. దాన్ని తీసుకెళ్లి అస్వాంగ్‌కు పెట్టింది.

పగలు ముసలమ్మలా తిరిగి, చీకటి పడగానే రెక్కలు విప్పుకుని మనుషుల్ని తినడానికి ఎగిరే అస్వాంగ్‌ను ఒక చిన్నపిల్ల కనిపెట్టడం ఆ కథ. బొమ్మకు ఒక ముసలి ముఖం కావలసి వచ్చింది. కిటికీలోంచి చూస్తే లోలా తట్టలో చేపలు ఎండబెడుతోంది. ఆ ముడతలు, ఎడమ కనుబొమ్మ కింద కందిగింజంత పుట్టుమచ్చ... ఎంత బావున్నాయో అనుకుంటూ గీసేసింది. తప్పన్న ఊహే రాలేదు.

పుస్తకం ఊళ్లో పిల్లల బడికి చేరింది. ఆ వారం నుంచే పిల్లలు ఆ ఇంటి వైపు రావడం మానేశారు.

అంతకుముందు సాయంత్రమైతే లోలా మెట్టు మీద కూర్చుని చేయి చాచేది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ చేతి వెనకవైపును నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకునేవాళ్లు. ఆ వెంటనే ఒక్కొక్కరికీ కొబ్బరాకులో చుట్టి ఉడికించిన ఇబోస్. ఇప్పుడు ఆ జిగురన్నం పొట్లాలు బుట్టలోనే చల్లారిపోతున్నాయి.

ఒకరోజు జోవెలిన్ వంటింట్లోకి వెళ్లేసరికి లోలా కలమాన్సీ నిమ్మకాయలు కోసి చేతులకు రుద్దుకుంటోంది. ఉప్పుచేపల పనికి పగిలిన చేతులు. పులుపు తగిలినప్పుడల్లా పళ్లు బిగిస్తోంది.

"ఏంటి లోలా, మండట్లేదూ?"

"మండితే మండనీ ఇందై, నా తల్లీ. చేపల కంపు కొడుతున్నట్టున్నాను. పాపం, పిల్లలు పైకి చెప్పలేక తప్పుకుంటున్నారు. ఏదీ, వాసన చూసి చెప్పు."

జోవెలిన్ వంగి వాసన చూసింది. "ఏం లేదు లోలా," అంది.

పిల్లలు తన బొమ్మ చూసే రావడం లేదేమోనని ఆర్నెల్‌తో చెబితే నవ్వేశాడు. "నా చెప్పుల బొమ్మ వేసినందుకు నేనేమన్నా గొడవ చేశానా? ఆవిడ కుడికంటికి పొర కమ్మింది, ఎడమకన్ను అంతంతమాత్రం. పుస్తకంలో బొమ్మ ఆనదు. చెప్పకు, పోతుంది." ఆ నవ్వు మొదటిసారి ఆమెకు ముద్దు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం బడి దగ్గరికి వెళ్లింది. పిల్లలందరికీ పెద్దదిక్కు జెనెల్ అనే ఎనిమిదేళ్ల పిల్ల. "ఆవిడే అస్వాంగ్ అక్కా, మాకు తెలుసు. మచ్చ కూడా ఉంది!"

"అది నేను వేసిన బొమ్మ. లోలాని చూసి వేశాను."

"విన్నారా! అక్కే ఒప్పుకుంది!" పిల్లలు నాలుగడుగులు వెనక్కి జరిగారు.

జోవెలిన్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "సరే, కథలో ఆ పిల్ల ఎలా కనిపెట్టింది?"

"అస్వాంగ్ కళ్లలోకి చూస్తే మన నీడ తలకిందులుగా కనపడుతుంది."

"మరి నువ్వు చూశావా?"

జెనెల్ నేలచూపులు చూసింది.

"భయమా?"

"నాకేం భయం! వీళ్లకే భయం."

సాయంత్రం గుంపు మొత్తం వచ్చింది. జెనెల్ ముందు, మిగతావాళ్లు దాని గౌను పట్టుకుని వెనక. లోలా ముఖం వెలిగిపోయింది. చేయి చాచింది. జెనెల్ చేయి అందుకోలేదు, లోలా ముఖానికి ముఖం పెట్టి ఎడమకంట్లోకి తొంగిచూసింది. "నిటారుగానే ఉన్నాను!" అని అరిచింది. ఇక తోపులాటే. "నేను, నేను!" అంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏంట్రా, నా కంట్లో సినిమా ఆడుతోందా?" అని లోలా పడీపడీ నవ్వింది. బుట్ట ఖాళీ అయింది.

అంతా సర్దుకుందని జోవెలిన్ ఊపిరి పీల్చుకుంది. మర్నాడు సాయంత్రం వంటింట్లో మళ్లీ అదే పుల్లటి వాసన. లోలా ఇంకా ఎక్కువ కాయలు కోసి పెట్టుకుంది. వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా కందిపోయింది.

"మళ్లీ ఎందుకు లోలా? పిల్లలు వచ్చారుగా!"

"అందుకేగా! ఇది పనిచేసింది. ఇక రోజూ రుద్దుకోవలసిందే."

ఊరుకుంటే సరిపోయేది. పిల్లలు వస్తూనే ఉంటారు, లోలా రుద్దుకుంటూనే ఉంటుంది. జోవెలిన్ నేల మీద ఆమె ముందు కూర్చుంది.

"మీ చేతుల వల్ల కాదు లోలా. నా వల్ల. పుస్తకంలో అస్వాంగ్‌కు మీ ముఖం వేశాను. అది చూసి పిల్లలు దడుచుకున్నారు."

లోలా చేతిలోని కాయ చెక్కను మెల్లగా పళ్లెంలో పెట్టింది.

"మచ్చ కూడానా?"

"మచ్చ కూడా."

"నాకు బొమ్మలు ఆనవనేనా ఇన్నాళ్లూ చెప్పలేదు?"

"చెబితే మీరు... భయమేసింది లోలా."

బయట పిల్లల గోల దగ్గరవుతోంది. లోలా తన అరచేతులు చూసుకుంది.

"అయితే వాసన లేదన్నమాట."

"లేదు. ఎప్పుడూ లేదు."

జోవెలిన్ తల వంచి దీవెన కోసం ఎదురుచూసింది. లోలా రెండు చేతులూ చాచింది. అరచేతులు పైకి ఉన్నాయి.

"మండుతున్నాయి. నీళ్లు పొయ్యి."

జోవెలిన్ చెంబు తెచ్చి పోసింది. పులుపు పోయేదాకా, ఒక్కొక్క వేలి సందునా, మెల్లగా.